పిలుపు లేని పెత్తనం

మోత్కూరు మిడిల్ స్కూల్లో పాత హెడ్మాస్టరు రిటైరై వెళ్లిపోయిన వారానికి ఆ బడి తాళాలు నా చేతికి వచ్చాయి. ఇందులో నా గొప్పతనమేమీ లేదు. ఉన్న ఆరుగురిలో ట్రైనింగ్ పూర్తి చేసింది నేనొక్కదాన్నే. కోస్తాతో కలిసి కొత్త రాష్ట్రం ఏర్పడి రెండు మూడేళ్లయింది. ట్రైనింగ్ లేనివాళ్లకు బడి అప్పజెప్పొద్దని పైనుంచి కాగితం వచ్చింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మిగతా అయిదుగురూ మగవాళ్లు, అందరూ నాకన్నా పెద్దవాళ్లు.

మొదటి రోజు ప్రార్థన అయ్యాక తెలుగు పండితుడు అందరినీ ఆఫీసు గదిలోకి పిలిచాడు. నిజానికి పిలవాల్సింది నేను. ఆయన మా పక్కింట్లోనే ఉండేవాడు. నుదుట బొట్టు, భుజాన ఖండువా, ఎప్పుడూ గొంతు సవరించుకునే మనిషి.

"ఒక సంగతి తేల్చుకోవాలె," అన్నాడు. "ఇన్నొద్దులు పెద్దసారు అన్నం. ఇగ ఈమెను ఏమని పిలుద్దాం?"

నేను అక్కడే, బల్లకు ఆనుకుని నిలబడి ఉన్నాను. కుర్చీలో ఆయన కూర్చున్నాడు.

లెక్కల సారు "పెద్ద పంతులమ్మ" అన్నాడు. పండితుడు ఒప్పుకోలేదు. "పంతులమ్మ అంటె చిన్నపోరగాండ్లకు అఆలు దిద్దిచ్చేటామె అనుకుంటరు. పెద్ద అనేటందుకు ఈమెకన్న పెద్దోళ్లం మనం లేమా?" ఇంకొకాయన "సార్ అనే అందాం" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనిది ఉర్దూ చెప్పే మౌల్వీ సాబ్ ఒక్కడే.

"ఇందుల నవ్వేటిదేముంది? మా ఉర్దూల సాహెబ్‌కు సాహిబా ఉన్నది. సాహిబా అనుండ్రి. ఖతం," అన్నాడాయన.

"మీ దాంట్ల ఉంటది మౌల్వీ సాబ్. తెలుగుల ఉండాలె గద."

"తెలుగుల లేదా పండితుల వారూ?" అని నేనే అడిగాను. నా గొంతు కొంచెం పెద్దది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో అందరూ తగ్గించుకో తగ్గించుకో అన్న గొంతు అది.

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అబద్ధం చెప్పకూడదు. "దొరకు దొరసాని ఉన్నది. సాని అంటె స్వామిని. పెత్తనం ఉన్న ఆడామె అని అర్థం. మంచి మాటనే. గాని ఉత్త సాని అంటె ఇయ్యాల ఎవరిని అంటరో అందరికి తెలుసు."

అందరూ నేలకేసి చూశారు. ఇంతలో గంట కొట్టారు. ఏదీ తేలలేదు. హాజరు పట్టీలో చివర "ప్రధానోపాధ్యాయుడు" అని అచ్చువేసి ఉన్నచోట నేను సంతకం పెట్టాను. ఆ తర్వాత చాలా నెలలు నన్నెవరూ ఏమనీ పిలవలేదు. పనిబడితే తలుపు దగ్గర నిలబడి దగ్గేవాళ్లు. ఏ దగ్గు ఎవరిదో నాకు గుర్తుపట్టడం వచ్చేసింది. మౌల్వీ సాబ్ మాత్రం సాహిబా అనేవాడు.

ఇక్కడి నుంచి రాయాలా వద్దా అని చాలా ఏళ్లు వెనుకాడాను. కానీ ఇది రాయకపోతే పై సంగతి ఉత్త హాస్యంగా మిగిలిపోతుంది. అది హాస్యం కాదు.

నా భర్త ఆ ఊళ్లోనే పశువుల దవాఖానలో కంపౌండరు. నెమ్మదైన మనిషి. గొర్రెకు సూది వేసేటప్పుడు కూడా ముందు దాని మెడ నిమిరేవాడు. పెళ్లయిన మూడో నెలలో, బడి తాళాలు నాకు రాకముందే, ఒక సాయంత్రం పేడ వాసనతో, ఫినాయిల్ వాసనతో ఇంటికొచ్చాడు. నేను పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. తలెత్తకుండా, బళ్లో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను: "కాళ్లు కడుక్కొని రా. నేను చెప్పేదాంక కూసోకు." అని నా పనిలో పడి మరిచిపోయాను. కాగితాలన్నీ అయ్యాక చూస్తే అతను గోడ పక్కన అట్లాగే నిలబడి ఉన్నాడు. ముఖంలో కోపం లేదు, ఎగతాళి లేదు. జ్వరం దిగిన మనిషి ముఖంలా ఉంది.

"ఎందుకు నిలబడ్డవ్?"

"నువ్వు కూసోమనలే గద."

నాకు భయం వేసింది. మతి చెడిందా అనుకున్నాను. అతనే మెల్లగా చెప్పాడు. "దవాఖానల డాక్టర్ సాబ్ చెప్తె చేస్త. గది నౌకరి. నువ్వు చెప్తె చేస్తాంటె పాణం నిమ్మళమైతాంది. ఎందుకో నాకే తెల్వది. తప్పంటవా?"

తప్పనలేకపోయాను. ఎందుకంటే నాలోనూ ఏదో కుదుటపడింది. అందరూ తగ్గించమన్న గొంతుకు ఈ ఇంట్లో ఒక చోటు దొరికింది.

దాన్ని మేము చాలా జాగ్రత్తగా అమర్చుకున్నాం. నలుగురిలో వద్దన్నాడు, సరే అన్నాను. ఇష్టం లేనినాడు "చాలు" అంటే అక్కడికే ఆగిపోవాలని అనుకున్నాం. నేనన్నా సరే, అతనన్నా సరే. మా మధ్య దెబ్బలు లేవు, తిట్లు లేవు. బడి నుంచి వచ్చాక నేను పేము కుర్చీలో కూర్చునేదాన్ని. అతను చాప మీద కూర్చుని, రోజంతా నిలబడి బిగుసుకుపోయిన నా పిక్కలు వత్తేవాడు. నేను పేపరు పైకి చదివి వినిపించేదాన్ని. నేను "తిను" అన్నాకే ముద్ద కలిపేవాడు. ఏ అంగీ వేసుకోవాలో నేను తీసి పెట్టేదాన్ని. గడప దాటితే నేను అతన్ని "మీరు" అనేదాన్ని. చుట్టాల ముందు అతను "చాయ్ పట్కరాపో" అంటే తలవంచుకుని తెచ్చేదాన్ని. కప్పు అందుకుంటూ అతను నా కళ్లలోకి చూసేవాడు. మా ఇద్దరికే తెలిసిన నవ్వు ఒకటి అక్కడ ఉండేది. నా జీవితంలో అంత హాయిగా ఉన్న రోజులు మళ్లీ లేవు.

బళ్లో పిలుపు గురించి పంచాయితీ జరిగిన సాయంత్రం అతనికి అంతా చెప్పాను. వత్తుతున్న చెయ్యి ఆపకుండానే నవ్వాడు.

"అంతమంది సార్లు కలిసి ఒక్క పేరు పెట్టలేకపోయిన్రా? నేను పెడ్త. దొరసాని."

నేను కాలు వెనక్కి తీసుకున్నాను. "నీ నోట్లకెళ్లి గా మాట ఎట్లొచ్చింది? మీ అమ్మ ఎక్కడ చాకిరి చేసిందో మరిసినవా?"

మా అత్త చిన్నప్పుడు వాళ్ల ఊరి దొర గడీలో వెట్టి చేసిన మనిషి. ఆ సంగతి నాకు పెళ్లికి ముందే తెలుసు.

"అమ్మది వేరే," అన్నాడు. "అమ్మను పట్టుకపోయిన్రు. నేను నా అంతట నేను వచ్చిన."

"అయినా సరే. దొరసాని అంటె ఏంది? దొర పెండ్లాం. దొర లేకుంటె ఆమె ఎవ్వలు? నా యెనుక ఏ దొర ఉన్నడని నాకా పేరు?"

అతను మందు సీసా మీది కాగితం చదివేటప్పుడు పెట్టే ముఖం పెట్టాడు. "మరి దొరా అంటె?"

"మీసాలు పెట్టుకోవాల్నా?"

"రాణి?"

"నాటకపోళ్ల మాట."

"యజమానురాలు?"

"గది కాగితం మీద రాస్తరు గాని ఎవరన్న నోటితోటి పిలుస్తరా?"

"పెద్దమనిషి అంట, పో."

"మొగోడు పెద్దమనిషైతె పంచాయితి చెప్తడు. ఆడిది పెద్దమనిషైతె మూలకు కూసోబెడ్తరు."

అతను కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంత పెద్ద భాషలో, తన ఇష్టంతో వంగిన మగవాడు తన ఇష్టంతో ఒప్పుకున్న ఆడదాన్ని పిలుచుకోవడానికి ఒక్క శుభ్రమైన మాట లేదు. ఉన్నవన్నీ ఎవడో ఒక మగవాడి పక్కన నిలబడితే వచ్చినవి, లేదా తిట్టడానికి పుట్టినవి. గయ్యాళి, మగరాయుడు, గంప కింద మొగుణ్ని పెట్టుకున్నది. వెతికి వెతికి అలసిపోయాం. చివరికి దొరసాని అనే మాటే మా ఇంట్లో ఉండిపోయింది. వద్దని నేను గట్టిగా అనలేదు. ఆ మాట అతని నోట మెత్తగా వస్తుంటే నాకు ఇష్టంగానే ఉండేది. ఆ ఇష్టాన్ని దాచి మిగతాదంతా చెప్తే అది నిజం కాదు.

ఏడాది తిరక్కముందే మా అత్త మా దగ్గరికి వచ్చింది. ఊళ్లో పెద్దకొడుకు దగ్గర ఉండేది. కళ్లకు పొర కమ్మి చూపు మసకబారితే చూపిద్దామని ఇతనే తీసుకొచ్చాడు. బక్కపలచని మనిషి. కుర్చీ చూపించి "కూసో అత్తా" అంటే గడప మీద కూర్చునేది. చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఎవరిదైనా సరే, లేచి నిలబడేది. చిన్న పిల్లాడు వచ్చినా లేచేది. ఎన్నోసార్లు చెప్పి చూశాను. "లేవొద్దనే అనుకుంట బిడ్డా, కాళ్లే లేస్తయి," అనేది.

ఆమె ఉన్నన్ని రోజులు మేము మా పద్ధతి మానుకుందామనుకున్నాం. కానీ రెండు వారాలనుకున్నది రెండు నెలలయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె పప్పు చెరుగుదామని చాట పట్టుకుని పక్కింటికి, పండితుడి భార్య దగ్గరికి వెళ్లింది. మేము తలుపు దగ్గరగా వేశామే గానీ గొళ్లెం పెట్టలేదు. అతను చాప మీద కూర్చున్నాడు. "ఇంక వత్తాల్నా దొరసాని?" అని అడుగుతున్నాడు. తలుపు తెరుచుకుంది. ఆమె చాట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు చూపు మసక, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. అట్లాగే వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్లింది.

ఆ పూట తినలేదు. మర్నాడూ తినలేదు. మూడో రోజు నేను బడికి సెలవు పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"నామీద కోపముంటె తిట్టు అత్తా. అన్నం మీద అలగకు."

ఆమె గోడకేసి చూస్తూ చెప్పింది. "పదేండ్లప్పుడు నన్ను గడీకి పట్టుకపోయిన్రు. పగటిపూట దొరసాని పండుకుంటె కాళ్లు వత్తుడు నా పని. నిదుర పట్టిందనుకొని చెయ్యి తీస్తె తన్నేది. ఇగో, గీ పన్ను పోయింది గప్పుడే." పెదవి పైకి లాగి చూపించింది. "దొరల మీదికి లేచిన సంఘపోళ్లు వచ్చినంక గడీ కాలీ అయింది. గా దినం నా కొడుకులిద్దర్ని ఒక్కతాన కూసోబెట్టి చెప్పిన. ఇగ మన ఇంట్ల గా మాట ఎవ్వల నోట రావొద్దు అన్న. వీడు గూడ సరే అన్నడు."

నాకు ఆ సంగతి తెలియదు. అతను ఎప్పుడూ చెప్పలేదు.

అతను అప్పటికే గుమ్మంలోకి వచ్చి వింటున్నాడు. తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, నన్నెవ్వరు బలిమి చెయ్యలే. గిది నా ఇష్టం."

"నన్ను మాత్రం దినాం బలిమి చేసిన్రా కొడుకా? మొదట రెండు దినాలె. తర్వాత నాకే అలవాటైంది. ఒకనాడు దొరసాని పిలవకపోతె నేనేం తప్పు చేసిననో అని ఏడ్చేదాన్ని. మరి గది ఇష్టం గాదా?"

నేను టీచర్ని కదా, జవాబు నా దగ్గర ఉంది అనుకున్నాను. "నీకు ఒద్దనేటందుకు లేకుండె అత్తా. ఆయనకు ఉన్నది. ఒద్దంటె నేను ఆడ్నే ఆగిపోత."

ఆమె మసక కళ్లు నావైపు తిప్పింది. "ఉన్నదా? ఎన్నడన్న అన్నడా?"

అతను ఎన్నడూ అనలేదు. ఆ ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు తెలియదు. అనాల్సిన అవసరం రాలేదని ఒకనాడు అనుకుంటాను. అనలేకపోయాడేమోనని ఇంకోనాడు అనుకుంటాను. ఆ రోజు మాత్రం ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆమె పడ్డ బాధ మీద కాదు. ఆ బాధ తెచ్చి మా చాప మీద పరిచినందుకు. అంత చదువుకున్న నేను ఆమెను ఒక్క మాట ఓదార్చలేదు.

మర్నాడే ఆమె మూట కట్టుకుని ఊరికి వెళ్లిపోయింది. పోయే ముందు పక్కింట్లో కూర్చుని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని పండితుడి భార్య అడిగితే చెప్పుకుంది. మా అత్త మనసులో చెడు లేదు. గుండె బరువు ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి గదా. కానీ ఆ మాట ఆ ఇంట్లో నిలవలేదు.

సోమవారం పొద్దున నేను బడి గేటు దాటుతుంటే పండితుడు ఎదురొచ్చాడు. దగ్గలేదు. రెండు చేతులూ జోడించి, బాగా వంగి, "దయచెయ్యిండ్రి దొరసానిగారూ!" అన్నాడు. వెనుక లెక్కల సారు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అట్లా నాకు చివరికి బళ్లో ఒక పిలుపు దొరికింది. వారం తిరిగేలోగా పెద్ద తరగతుల పిల్లలకు తెలిసింది. ప్రహరీ గోడ మీద బొగ్గుతో "దొరసాని బడి" అని రాశారు. కింద కుర్చీలో ఒక ఆడమనిషి, ఆమె కాళ్ల దగ్గర తోకతో ఒక మగవాడు. నేను ఆ బొమ్మ ముందు నిలబడిపోయాను. మౌల్వీ సాబ్ బకెట్లో సున్నం కలుపుకుని వచ్చాడు. షేర్వాణీ చేతులు పైకి మడిచి, ఆ పెద్దాయన తన చేత్తోనే గోడకు సున్నం కొట్టాడు. పని అయ్యాక "చలియే సాహిబా, పోదాం, గంట కొట్టిన్రు" అన్నాడు, అంతే.

నేను తట్టుకున్నాను. అతను తట్టుకోలేకపోయాడు. దవాఖానకు వచ్చే గొల్లవాళ్లకు కూడా కబురు పాకింది. "కంపౌండర్ సాబ్, మా పొట్టేలు మాట ఇంటలేదు. మీ దొరసాని తానకు తోల్కరావాల్నా?" అని అడిగేవాళ్లట. డాక్టరు కూడా నవ్వేవాడట. అతను ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. చాప మీద కూర్చోవడం మానేశాడు. నా కళ్లలోకి చూసేవాడు కాదు. ఒకరోజు నన్ను బతిమాలాడు: "నలుగుర్ల నువ్వు నాకు భయపడ్డట్టు కొంచెం చెయ్యి." అదీ చేశాను. అతను వస్తుంటే లేచి నిలబడ్డాను. నీళ్ల చెంబు రెండు చేతులతో అందించాను. ఎవరూ నమ్మలేదు. నమ్మడం వాళ్లకు ఇష్టం లేదు.

అంగడి రోజు. ఇద్దరం కూరగాయలకు వెళ్లాం. ఎదురుగా చాయ్ హోటల్ బల్ల మీద పండితుడు, ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. అతను వంకాయలు ఏరుతున్నాడు. నేను అలవాటు కొద్దీ, గొంతు తగ్గించకుండా అన్నాను: "అవి వద్దండి, పుచ్చులున్నయి. అటు పెట్టుండ్రి." అతను ఆ క్షణమే చేతిలో ఉన్నవన్నీ కింద పెట్టేశాడు. ఏ మొగుడైనా పెట్టేసేవాడే. కానీ హోటల్లోంచి నవ్వు పెద్దగా వినబడింది. "ఆర్డర్ అయిందిరో!" అని ఎవరో అరిచారు.

అతను తిరిగి నన్ను చెంప మీద కొట్టాడు. కళ్లద్దాలు వంకాయల గంపలో పడ్డాయి. "నోరు మూసుకొని నడువ్," అన్నాడు. ఆ గొంతు అతనిది కాదు. ఎక్కడి నుంచో ఎరువు తెచ్చుకున్న గొంతు.

హోటల్ బల్ల మీంచి పండితుడు నెమ్మదిగా, ఏదో పద్యం మెచ్చుకున్నట్టుగా, "ఆఁ, గట్లుండాలె," అన్నాడు. కూరగాయలమ్మే ముసలామె అద్దాలు తీసి కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. నేను పెట్టుకుని ఇంటిదాకా అతని వెనకే నడిచాను.

ఇంట్లోకి రాగానే అతను తలుపేసి నా కాళ్ల మీద పడ్డాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఏం శిక్ష ఏస్తవో ఎయ్యి. దినమంత నిలబెట్టు. అన్నం పెట్టకు. ఏదన్న చెప్పు. నువ్వు చెప్తెనే నాకు నిమ్మళమైతది."

నా చెంప ఇంకా మండుతోంది. అతని తల నా పాదాల మీద వేడిగా ఉంది. నాకు అప్పుడు ఒక సంగతి తేటగా అర్థమయింది. నేను శిక్ష వేస్తే అతనికి భారం దిగుతుంది. నన్ను బజార్లో కొట్టి, ఇంట్లో నా చేతే తన మనసు కడిగించుకుంటాడు. మళ్లీ ఎవరో నవ్వుతారు, మళ్లీ కొడతాడు, మళ్లీ ఈ కాళ్ల మీదికే వస్తాడు. మేము కట్టుకున్నది ఇది కాదు.

"చాలు," అన్నాను.

అతను తలెత్తి చూశాడు. ఆ మాట మా ఇంట్లో అంతవరకు ఎవరం అనలేదు. అర్థమయింది. లేచి ముఖం కడుక్కుని దవాఖానకు వెళ్లిపోయాడు. పేము కుర్చీని నేను బడికి పంపించేశాను.

బదిలీ అడిగితే జడ్చర్ల ఇచ్చారు. కొన్ని నెలలకు అతనికీ అక్కడికే అయింది. మోత్కూరులో నా కుర్చీ పండితుడికి వచ్చిందని తర్వాత తెలిసింది. ట్రైనింగ్ నిబంధన ఏమయిందో నాకు తెలియదు. ఆయన్ని ఏమని పిలవాలని ఎవరూ మీటింగ్ పెట్టలేదు. పొద్దున వచ్చేసరికే పెద్దసారు అయిపోయాడట.

జడ్చర్లలో నన్ను మేడం అన్నారు. అప్పటికి కోస్తా నుంచి వచ్చిన టీచర్లు ఆ మాట తెచ్చారు. అది ఇంగ్లీషు మాట, ఎవరి నాలుకకూ భారం లేదు. దాంట్లో గడీ లేదు, మూల గది లేదు. నాకు మొదట ఊపిరాడినట్టయింది. తర్వాత తర్వాత చప్పగా అనిపించింది. నా గొంతు నాకే వినబడనంత తగ్గిపోయింది. పిల్లలు అల్లరి చేస్తే పక్క క్లాసు సారును పంపేదాన్ని.

అతను మాత్రం అందరికీ నచ్చే మొగుడయ్యాడు. నన్ను ఏమే, ఒసే అని పిలిచేవాడు. కూరలో ఉప్పు తగ్గితే కంచం తోసేవాడు. ఇంట్లో ప్రతిదీ తనే తేల్చేవాడు. ఏది తేల్చినా తర్వాత వసారాలో ఒంటరిగా కూర్చుని గోళ్లు కొరుక్కునేవాడు. పెత్తనం అతనికి వేరే వాళ్ల అంగీలా ఉండేది, భుజాల దగ్గర జారుతూ. విప్పేయమని చెప్పే అధికారం నేను వదులుకున్నాను. తీసుకోమని అతనూ మళ్లీ అడగలేదు.

మా అత్త కంటి ఆపరేషన్ కోసం మా దగ్గరికి మళ్లీ వచ్చింది. మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో చేయించాం. కట్టు విప్పిన నాలుగో రోజు, చారులో కారం ఎక్కువైందని అతను నామీద అరిచాడు. ఆమె గడప మీద కూర్చుని అంతా విన్నది. అతను వెళ్లిపోయాక నన్ను దగ్గరికి రమ్మంది.

"నేను వాన్ని గా మాట ఒక్కటే అనొద్దన్న బిడ్డా. గీ గొంతు తెచ్చుకొమ్మని అనలే. గిట్ల అరిస్తె నాకు దొర యాదికొస్తాండు."

"ఇప్పుడేం చెయ్యాలె అత్తా?"

"నాకేం తెలుసు. నేను పని చేసినదాన్నే గాని, చెప్పినదాన్ని గాదు గద."

నాకు ఆమె మీదున్న పాత కోపం ఆ రోజు పోయింది. పోయి, నిలవడానికి ఇంకో చోటు దొరక్క నా మీదికే వచ్చింది. గొళ్లెం పెట్టుకోనందుకు. మాట వెతకడం మధ్యలో ఆపేసినందుకు. ఆమె పన్ను ఊడగొట్టిన పేరును ముద్దుపేరుగా పెట్టుకున్నందుకు.

అరవైల చివర్లో, ఒక ఎండాకాలం, ఎవరిదో పెళ్లికి నల్లగొండ వైపు పోవడానికి జడ్చర్ల బస్టాండులో కూర్చున్నాం. అతని జుట్టు అప్పటికే చెవుల దగ్గర తెల్లబడింది. రోడ్డుకేసి చూస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

"ఆనాడు అంగట్ల నేను చెయ్యెత్తకుంటె?"

"ఎత్తినవు గద," అన్నాను.

ఇంకేదో అనబోయాడు. బస్సు వచ్చింది. జనం ఒక్కసారిగా తోసుకున్నారు. నేను ముందు తలుపు నుంచి ఎక్కి ఆడవాళ్ల సీట్లలో కూర్చున్నాను. అతను వెనక తలుపు నుంచి ఎక్కాడు.